ముందు వాడి తరఫున మాట్లాడు

పొద్దున షట్టర్ ఎత్తి జిరాక్స్ మిషన్ మీద దుమ్ము తుడుస్తున్నాను. ఎదురుగా టీ కొట్టు నడిపే అతను రోడ్డు దాటి వచ్చి గుమ్మం బయటే నిలబడి, "అక్కా, మామూ పోయినాడంట. తెల్లారి నమాజు టైముకి" అన్నాడు. నాకు ముందు అతని మీదే కోపం వచ్చింది. అంత మాట చెప్పడానికి చేతుల్లో టీ గ్లాసులు పెట్టుకుని వస్తారా ఎవరైనా అని. తర్వాత చూస్తే అవి మా గ్లాసులే. మామూకి ఒకటి, నాకొకటి, రోజూ ఆ వేళకి తెచ్చేవే. అలవాటుగా పోసుకుని బయల్దేరాక దారిలో ఎవరో చెప్పి ఉంటారు. రెండూ నా కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మార్కాపురం బస్టాండు వెనక మా సందులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మేనల్లుళ్ళు మామూ అన్నారు కాబట్టి వీధి పిల్లలూ మామూ అన్నారు, పిల్లల్ని విని పెద్దలూ అన్నారు. నేనూ వరసలు చూసుకోకుండా అదే అన్నాను. నా దుకాణానికీ ఆయన గేముల గదికీ మధ్య ప్లైవుడ్ చెక్క ఒక్కటే అడ్డం. అందుకని ఆయన గురించి నాకు తెలిసిందంతా ముందు చెవులతోనే తెలిసింది.

ఒకప్పుడు అది రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం. బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయాక, ఎవరూ తీసుకుపోని పెద్ద టీవీలను గోడకి వరసగా పెట్టి, గేము పెట్టెలు తెచ్చి తగిలించాడు. డిగ్రీ కాలేజీ పిల్లలు వచ్చేవాళ్ళు. పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు సెలవు రోజున వచ్చేవాళ్ళు. బేరాలు లేని వేళ ఆటోవాళ్ళు వచ్చేవాళ్ళు. ఎవరి ఆట అయిపోయినా రిమోటును దూదితో తుడిచి, ఆరబెట్టి, అప్పుడే రెండోవాడి చేతికిచ్చేవాడు. తడి చేత్తో ముట్టుకుంటే వేళ్ళ మీద కొట్టేవాడు.

ఆ గది చప్పుడుకి నాకు చెవులు చిల్లులు పడేవి. ఒకరోజు ఒళ్ళు మండి లోపలికి పోయాను.

"మామూ, నా కస్టమరు ఏమడుగుతున్నాడో వాడి మూతి చూసి కనుక్కుంటా ఉన్నా. ఆ సౌండు తగ్గియ్యి."

"కూచో బేటీ. వాడు ఓడినాంక తగ్గిస్తా."

"ఎవడు?"

"అదో, ఆ లారీ ఎత్తుకున్నోడు."

తెర మీద కొండంత మనిషి ఒకడు నిజంగానే లారీని నెత్తికెత్తుకుని ఉన్నాడు. ఎదురుగా ముసుగు వేసుకున్న బక్కపలచని హీరో. సరిగ్గా కొట్లాట మొదలయ్యే ముందు మామూ చెయ్యి చాచి ఆట ఆపేశాడు. రిమోటు పట్టుకున్న కుర్రాడితో, "ముందు వాడి తరఫున మాట్లాడు" అన్నాడు.

అదీ ఆ గది కట్టుబాటు. పెద్ద విలన్ ఎవడొచ్చినా, కొట్టబోయే ముందు ఆట ఆపి, వాడి తరఫు కథ నాలుగు మాటల్లో చెప్పాలి. 'వాడు' అని చెప్తే కుదరదు, 'నేను' అనే చెప్పాలి. చెప్పలేకపోతే రిమోటు పక్కవాడికి పోతుంది. ఎవరైనా విసుక్కుంటే, "తొందరుంటే బస్టాండుకు పో నాయనా, ఆటకెందుకొచ్చినావు" అనేవాడు. విలన్ గొంతు వినకుండా కొడితే అది ఫైటు కాదంట, దొమ్మీ అంట.

ఆ ఆటల్లో మాటలన్నీ ఇంగ్లీషు. మామూ ఇంగ్లీషు రేడియో పార్టుల పేర్ల దగ్గరే ఆగిపోయింది. కాబట్టి కథలో సగం తెర మీద బొమ్మల్ని బట్టి, మిగతా సగం తనకు తోచినదాన్ని బట్టి చెప్పేవాడు. ఆ లారీ ఎత్తినవాడు ఆయన లెక్క ప్రకారం బోరుబండి ఓనరు. అసలు ఆటలో బోరూ లేదు, బండీ లేదు. అయితే ఆ రోజు రిమోటు పట్టుకున్నది కొమరోలు నుంచి వచ్చి చదువుకుంటున్న అబ్బాయి. మెల్లగా మొదలుపెట్టాడు. "నేను ఊరందరికీ నీళ్ళు పడేటట్టు చేస్తానని చెప్పినా. ఏసిన బోరల్లా ఎండిపోయింది. మొదట ఊరోళ్ళు జాలిపడినారు. తర్వాత నవ్వినారు. మా ఇంట్లోవాళ్ళు కూడా నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నారు. అప్పుడెత్తినా ఈ లారీని." ఆ అబ్బాయి వాళ్ళ నాయన గురించే చెప్తున్నాడని బయట నుంచి వచ్చిన నాకే అర్థమైంది. మామూ వాడి భుజం మీద చెయ్యేసి, "ఇప్పుడు కొట్టు. ఇప్పుడైతే ఎవర్ని కొడుతున్నావో నీకు తెలుస్తది" అన్నాడు. సౌండు తగ్గించమని అడగడానికి వచ్చిన సంగతి నేను మర్చిపోయాను.

ఇంకో విచిత్రం చెప్పాలి. ఇలాంటి ఆటల్లో విలన్ నెత్తిన ఎర్రగీత ఒకటి ఉంటుంది. కొట్టేకొద్దీ అది తరుగుతుంది, అయిపోతే విలన్ ఓడినట్టు. లోకమంతా దాన్ని ప్రాణం అనుకుంటుంది. మామూ దాన్ని కోపం అనుకున్నాడు. మొదటి రోజు ఆయన అలా చెప్పాడు, అందరూ అలాగే నమ్మారు. "ఇంకా సగం కోపం ఉంది రా", "కోపం అయిపోవచ్చింది, ఒదలొద్దు" అని కేకలు వినబడేవి. హైదరాబాదులో చదువుకుంటూ సెలవులకు వచ్చిన ఒకబ్బాయి పగలబడి నవ్వి, అది హెల్త్ అని చెప్పాడు. మామూ నొచ్చుకోలేదు. "అట్లనా? అయితే ఓడినాంక వాడు లేచి మాట్లాడతాడేంది? ప్రాణం పోయినోడు మాట్లాడతాడా?" అన్నాడు. సెలవులు అయ్యేసరికి ఆ అబ్బాయి కూడా కోపం అనడం మొదలుపెట్టాడు.

నన్ను కూడా ఒకసారి లాగాడు. ముసుగు హీరో ఆటలో ఆ రోజు మంచు కురిపించే ఆడ విలన్ వచ్చింది. ఆమె మందు కనిపెడితే పక్కవాళ్ళు తమ పేరు వేసుకున్నారట, అదీ మామూ చెప్పిన కథ. కుర్రాళ్ళు వంతులవారీగా ప్రయత్నించి నీళ్ళు నమిలారు. "ఈమె తరఫున మాట్లాడే మొగోడు ఈ గదిలో లేడు. ఓ బేటీ, ఇట్ల రా" అని చెక్క మీద కొట్టి పిలిచాడు. ఏదో సరదాకి వెళ్ళాను. "నేను" అని మొదలుపెట్టాక ఏమైందో నాకే తెలియదు. నేను చేసిన పనికి ఇంకొకరు మెచ్చుకోళ్ళు తెచ్చుకున్న సందర్భాలన్నీ వరసగా నోటికొచ్చాయి. లామినేషన్ కోసం నా దుకాణంలో నిలబడ్డ టీచరమ్మ వచ్చి గుమ్మంలోంచి తొంగి చూసింది. నేను ఆపేసరికి నా కళ్ళు తడిగా ఉన్నాయి. మామూ మెల్లగా, "అందర్నీ కడిగి ఆరేసినావు గదా. కూచో, టీ చెప్తా" అన్నాడు. ఆ రోజు ఆమెతో కొట్లాడటానికి ఎవరూ రిమోటు ముట్టుకోలేదు. అప్పటి నుంచి రద్దీ లేని వేళల్లో నా కుర్చీ ఆ గదిలోనే ఉండేది.

ఆ ముసుగు హీరో ఆటకి రెండో భాగం వస్తోందని తెలిసినప్పుడు ఆయన సంబరం చూడాలి. "ఫస్టు పార్టులో ఎవడైనా హీరో అయితాడు బేటీ. రెండో పార్టులో తెలుస్తది వాడి బండారం" అనేవాడు. మా వీధి నెట్టులో అది డౌన్‌లోడై దిగేసరికి రోజులు పట్టింది. ఎంతవరకు దిగిందో పొద్దున్నే వచ్చి నాకు చెప్పిపోయేవాడు.

రెండో భాగం కథ మొదటిదానికంటే బరువైంది. హీరో, వాడితో పాటు ఒకే ఇంట్లో పెరిగిన తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, ఇద్దర్నీ ఒక పెద్దాయన పెంచాడు. మొదటి భాగంలో ఆ తమ్ముడు హీరో పక్కనే ఉంటాడు. రెండో భాగంలో ఊరి మీదికి ముప్పు వస్తే, ఆ ముప్పు బయటికి రాకుండా తమ్ముడు ఒక ఇనుప తలుపు మూసేస్తాడు. పెంచినాయన లోపలే ఉండిపోతాడు. హీరో పరిగెత్తుకుని వచ్చేసరికి తలుపు మూసి ఉంటుంది. నేనొచ్చేదాకా ఆగలేదేమని హీరో అంటాడు. అక్కణ్ణుంచి ఇద్దరూ శత్రువులు. ఆట చివర ఆ తలుపు వెనకున్న పెద్ద హాలులో కొట్టాల్సింది ఆ తమ్ముణ్ణే.

కొత్త ఆట వచ్చినప్పుడు ఆఖరి విలన్‌తో మొదట మామూయే ఆడాలి. ఆ రోజు గది నిండిపోయింది. మామూ చేతులు తుడుచుకుని రిమోటు తీసుకున్నాడు. మా సందు ఆటో అతను, మామూకి అందరికంటే చనువైనవాడు, చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతూ, "ఆగు మామూ. ముందు వాడి తరఫున మాట్లాడు" అన్నాడు. అందరూ నవ్వారు. మామూ కూడా నవ్వి, "నేను..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ "నేను" అన్నాడు. రిమోటు బల్ల మీద పెట్టి, "టీ తాగొస్తా" అని లేచిపోయాడు. ఆటో అతను నా వంక చూశాడు. తనేం తప్పు మాట్లాడాడో అతనికి తెలియదు, నాకూ తెలియదు. ఆ తర్వాత ఆ ఆఖరి ఫైటు మిగతావాళ్ళు ఆడారు. మామూ మాత్రం ఎప్పుడూ ఆడలేదు. ఎవరైనా ఆ తమ్ముడి తరఫున మాట్లాడబోతే బయటికి వెళ్ళిపోయేవాడు.

సంగతి మామూ భార్య చెప్పింది. ఆమెను మేము మామీ అంటాం. మామూకి ఒక్కడే తమ్ముడు, గిద్దలూరులో ఉంటాడు. వాళ్ళ అమ్మ ఆ తమ్ముడి దగ్గరే ఉండేది. మామూ ఏదో పెళ్ళికి నంద్యాల వెళ్ళినప్పుడు ఆమె పోయింది. కబురు అందగానే రైలెక్కాడు. ఆ రైలు నల్లమల అడవిలో ఆగిపోయింది. అక్కడ ఫోన్లు పనిచెయ్యవు. గిద్దలూరులో దిగి పరిగెత్తుకుని పోయేసరికి మట్టి ఇవ్వడం అయిపోయింది. తమ్ముడు ఎదురొస్తే పక్కకు తోసి, ఖబరస్తాన్ నుంచి ఇంట్లో కాలు పెట్టకుండా బస్సెక్కి మార్కాపురం వచ్చేశాడు. అంతే, పదేళ్ళ పైగా మాటల్లేవు. "నాకోసం ఒక్క గంట ఆపలేదే అంటాడమ్మా. ఎవరు సర్దిచెప్పబోయినా నోరు మూయిస్తాడు. ఊళ్ళో అందరి తరఫునా మాట్లాడతాడు గదా, వాడి తరఫున మాత్రం ఒక్క ముక్క విననియ్యడు" అంది మామీ. నాకు మామూ మీద నిజంగా కోపం వచ్చింది. అంత పెద్దమనిషి ఇంత మొండివాడా అని. కానీ ఆ మాట ఆయన మొహం మీద అనే ధైర్యం నాకు లేదు.

ఈమధ్య గుండె జబ్బు చేసి, ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన బాగా చిక్కిపోయాడు. అయినా మధ్యాహ్నం పూట వచ్చి గది తెరిచి కూర్చునేవాడు. ఒకరోజు ఎవరూ లేరు. చెక్క మీద కొట్టి పిలిచాడు. వెళ్తే ఆ రెండో భాగం పెట్టుకుని ఉన్నాడు. తెర మీద ఆ ఇనుప తలుపు.

"బేటీ, నేను మాట్లాడతా. నువ్వు వినాల. మధ్యలో ఏం అనొద్దు" అన్నాడు. నా వంక చూడకుండా మొదలుపెట్టాడు.

"నేను మా అన్న కోసం చూసినా. స్టేషనుకు మనిషిని పంపినా. రైలు అడవిలో నిలబడిపోయిందన్నారు. ఫోన్ కలవలా. రోహిణి ఎండలు. ఐసు పెట్టె యాడా దొరకలా. పెద్దోళ్ళు లేపుదాం అన్నారు, అన్న రానీండి అన్నా. మధ్యాహ్నానికి మా అమ్మ మొహం మారిపోతా వచ్చింది. పెళ్ళికి పోతా మా అన్న దారిలో మా ఇంట్లో ఆగినాడు, ఆమె నవ్వతా సాగనంపింది. ఆ మొహమే ఆయనకు ఉండాల. ఈ మొహం చూస్తే అదే మిగులుతది. అందుకని లేపించినా. అన్న తిడితే తిట్టనీ అనుకున్నా."

అంతా చెప్పి రిమోటు నా చేతికిచ్చాడు. ఇది నీకెవరు చెప్పారని అడిగాను. "ఎవరూ చెప్పలే. వాడు నా తమ్ముడు గదా. వాడు ఇంకెందుకు చేస్తాడు అట్ల? ఇన్నేండ్లు ఆ ఒక్క మాట నన్ను నేనే అడగలేదు" అన్నాడు. ఫోన్ చేయమన్నాను. ఫోన్‌లో చెప్పే మాట కాదని, ఒంట్లో కొంచెం నెమ్మదించాక గిద్దలూరు పోతానని అన్నాడు. నెమ్మదించలేదు.

ఆయన పోయిన రోజు, ఆ టీ గ్లాసులు కౌంటర్ మీదే వదిలేసి నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళు బయట కుర్చీల్లో ఉన్నారు. మధ్యాహ్నం నమాజు కాగానే జనాజా లేపి ఖబరస్తాన్‌కు తీసుకుపోదామని పెద్దలు అనుకుంటున్నారు. తమ్ముడికి కబురు చెప్పారా అని మామీని అడిగాను. "చెప్పినారమ్మా. 'ఏ మొహం పెట్టుకుని వచ్చేది' అని పెట్టేసినాడంట" అంది. మామూ ఆ మాట నా ఒక్కదానికే చెప్పిపోయాడు. ఇప్పుడు నేను చెప్పకపోతే అది ఆయనతో పాటే మట్టిలోకి పోతుంది.

మామీ దగ్గర నంబరు తీసుకుని అక్కడే ఫోన్ చేశాను. "అన్నా, నేను మీ అన్న పక్క దుకాణం ఆమెను. ఆయన మీ తరఫున ఒక మాట చెప్పినాడు. ఉన్నదున్నట్టు చెప్తా, అయిపోయేదాకా పెట్టేయొద్దు" అన్నాను. నేను కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. "నేను మా అన్న కోసం చూసినా..." మామూ చెప్పినట్టే, 'నేను' అనే చెప్పాను. మామీ వచ్చి నా పక్కన కూర్చుంది. అమ్మ మొహం మారిన సంగతి కూడా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

అంతా విని తమ్ముడు అన్నాడు. "మొహం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు తల్లీ. మా ఇంటిదానికి కూడా చెప్పలేదు."

మళ్ళీ, "స్టేషనుకు మనిషిని పంపలా. నేనే పోయినా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

వస్తాడో రాడో చెప్పలేదు. మామీ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. పరదా దగ్గరికి పోయి, బయట పెద్దలకు వినబడేలా, "మా మరిది వచ్చేదాకా లేపొద్దు" అంది. ఒక పెద్దాయన ఆలస్యం మంచిది కాదని ఏదో అనబోయాడు. "ఆపండి భాయ్. ఇంకొకసారి ఈ ఇంట్లో ఆపలేదనే మాట రాకూడదు" అంది. అంత గట్టిగా మాట్లాడగలదని నేనెప్పుడూ అనుకోలేదు. ఆటో అతను బండి తీసుకుని బస్టాండుకు పోయాడు. ఎండ నడినెత్తికి వచ్చింది, వాలడం మొదలుపెట్టింది. పలకల ఫ్యాక్టరీ వాళ్ళు, కాలేజీ పిల్లలు, కొమరోలు అబ్బాయి అందరూ గోడవార నిలబడి వీధి మొగ వైపే చూస్తున్నారు.

వచ్చాడు. ఆటో దిగి, అందర్నీ చూసి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అచ్చం మామూ ముక్కు, మామూ నడక. ఎవరో జరిగి దారిచ్చారు. లోపలికి పోయి అన్న మొహం మీద గుడ్డ తొలగించి చూశాడు. ఎంతసేపు చూసినా ఎవరూ తొందర చెయ్యలేదు. జనాజా లేచినప్పుడు ముందు కొమ్ము ఆయన భుజం మీదే ఉంది.

మూడో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక మామీ తాళాలు ఆయన చేతికిచ్చి పంపింది. నేనూ, ఆటో అతనూ వెంట వెళ్ళాం. ఆ గది కట్టుబాటు, మామూ ఆట ఆపి ఆయన తరఫున మాట్లాడిన సంగతి దారిలో నేను చెప్పాను. గది మూసి ఉండి ఉక్కపోతగా ఉంది. ఆయన ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, "నా గురించి చెప్పింది ఏ ఆట దగ్గర?" అని అడిగాడు. ఆటో అతను టీవీ పెట్టాడు. మామూ ఆపిన చోట నుంచే ఆట మొదలైంది. ఇనుప తలుపు తెరుచుకుంది, హీరో గడపలో నిలబడ్డాడు. ఎదురుగా పెద్ద హాలు, దాని ఆ చివర ఒక్కడే మనిషి.

"తమ్ముడు వాడేనా?"

"వాడే."

"కొట్టడానికి రాడే?"

"మనం దగ్గరికి పోయేదాకా రాడు చిన్నమామూ. అట్లనే నిలబడి ఉంటాడు" అన్నాడు ఆటో అతను.

"ఎంతసేపు?"

"ఎంతసేపైనా."

ఆటో అతను అందించిన రిమోటు ఆయన తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు, మీటలు ముట్టుకోలేదు. ఆ చివరి మనిషి తలుపు వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.